లైవ్ మధ్యలో ఆగకూడదంటే: చిన్న కెమెరా, లైవ్ సామాను ఎంచుకునే పద్ధతి

మా పిన్ని చెన్నై వెస్ట్ మాంబళంలో ఇంట్లోంచే చీరలు అమ్ముతుంది. వారానికి మూడు రోజులు యూట్యూబ్‌లో లైవ్ పెడుతుంది. చూసేవాళ్లలో ఎక్కువమంది నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు మనవాళ్లే. పోయిన ఏడాది పెళ్లిళ్ల సీజన్లో, మే నెల మధ్యాహ్నం, ఫోన్ పక్కనపెట్టి మొదటిసారి కెమెరాతో లైవ్ మొదలుపెట్టింది. నలభై నిమిషాలు బాగానే నడిచింది. గద్వాల చీర కొంగు విప్పి చూపిస్తుండగా తెర నల్లబడిపోయింది. "అక్కా, కనపడట్లేదు", "ఆంటీ, నెట్ పోయిందా" అని కామెంట్ల వరద. రాత్రి నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "ఒరేయ్, ఇంత డబ్బు పోసి కొన్నాం కదా, ఫోన్ పాటి కూడా పనికిరాలేదేంట్రా?"

ఆ కెమెరా ఎంచి కొనిపించింది నేనే. దానికి ఏ జబ్బూ లేదు. మేడమీది గది, పైన కాలుతున్న టెర్రస్, దానికితోడు లైవ్ వెళ్తూనే కార్డులోకి 4కే రికార్డింగు కూడా నడుస్తోంది. వేడెక్కి తనను తాను ఆపేసుకుంది. కొనేటప్పుడు నేను బొమ్మ ఎంత బాగుందో చూశాను కానీ, ఆ గదిలో ఆ ఎండలో రెండు గంటలు నిలుస్తుందా అని చూడలేదు.

ఆ తర్వాత మాంబళం, టీ నగర్, వడపళని వైపు మనవాళ్లకి ఇలాంటి ఏర్పాట్లు చాలానే చేసిపెట్టాను. వంటల చానెల్ ఒకటి, ఆన్‌లైన్ సంగీతం క్లాసు ఒకటి, వారాంతాల్లో ఊరు తిరిగి వీడియోలు తీసే కుర్రాళ్లు ఇద్దరు. అందరూ మొదట అడిగేది "ఏ కెమెరా కొనమంటారు?" అనే. నా జవాబు ఇప్పుడు మారింది. కెమెరా చివర్లో కొనండి. లైవ్ ఒక గొలుసు: నెట్, కరెంటు, మాట, వెలుతురు, కెమెరా, వైరు. ఏ కొక్కెం తెగినా చూసేవాడికి కనిపించేది నల్లతెరే. అందుకే ఈ వరసలోనే వెళ్దాం.

1. ఏం తీస్తారో ఒక్క వాక్యంలో రాసుకోండి

"పదడుగుల గదిలో నిలబడి రెండు గంటలు చీరలు చూపిస్తాను." "బీచ్‌లో నడుస్తూ పది నిమిషాల వీడియో తీస్తాను." "కూర్చుని పాఠం చెబుతాను, మధ్యలో వీణ మీద వేళ్లు దగ్గరగా చూపించాలి." ఈ మూడింటికీ మూడు వేరు వేరు కెమెరాలు కావాలి. మొదటిదానికి నిలకడ, రెండోదానికి చెయ్యి వణికినా వణకని బొమ్మ, మూడోదానికి రెండు కెమెరాలు. రెండు మూడు పనులకీ ఒకే కెమెరా అనుకుంటే ఏ పనికీ సరిగ్గా కుదరదు. మీరు ఎక్కువగా చేసే పని ఏదో దానికే కొనండి.

2. నెట్, కరెంటు

మీరు లైవ్ పెట్టే వేళకే స్పీడ్ టెస్ట్ చెయ్యండి. పొద్దున పదింటికి వచ్చే అంకె రాత్రి ఎనిమిదికి రాకపోవచ్చు. చూడాల్సింది అప్‌లోడ్ అంకె, డౌన్‌లోడ్ కాదు. 1080పీ లైవ్‌కి నేను మామూలుగా 4,500 నుంచి 6,000 కేబీపీఎస్ దగ్గర పెడతాను. 6,000 కేబీపీఎస్ అంటే 6 ఎంబీపీఎస్, గంటకి 2.7 జీబీ డేటా. అప్‌లోడ్‌లో సగానికి మించి వాడకూడదన్నది నా లెక్క, అంటే 12 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి. రాకపోతే 720పీకి దిగండి. ఆగి ఆగి వచ్చే 1080పీ కంటే నిలకడగా వచ్చే 720పీనే జనం చివరిదాకా చూస్తారు.

ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి లాన్ కేబుల్‌తోనే కలపండి. అపార్ట్‌మెంట్లో చుట్టూ ముప్పై వైఫైలు ఉంటాయి. నెట్ పోతే ఫోన్ 5జీ వాడాలనుకుంటే హాట్‌స్పాట్ కాకుండా కేబుల్‌తో యూఎస్‌బీ టెదరింగ్ పెట్టండి.

కరెంటు విషయంలో చాలామంది మర్చిపోయేది రౌటర్. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, కెమెరా నడుస్తుంది, రౌటర్ మాత్రం ఆరిపోతుంది. ఈ పనికే చిన్న 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ దొరుకుతుంది. ఫైబర్ డబ్బా వేరు, రౌటర్ వేరు ఉంటే రెండూ దాని మీద ఉండాలి. మొత్తం సామానులో చవకైనవాటిలో ఇదొకటి, అయినా మొదట కొనాల్సింది ఇదే.

కొత్త చానెల్ అయితే ఇంకో మాట. యూట్యూబ్‌లో లైవ్ మొదటిసారి ఆన్ చేస్తే పనిలోకి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఫోన్ యాప్‌లోంచి లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ అనే లైవ్ సాఫ్ట్‌వేర్ ద్వారా పెడితే ఆ 50 అడ్డు లేదు. ముహూర్తం పెట్టుకున్న రోజు పొద్దున ఈ సంగతి తెలిసి కంగారుపడకండి.

3. మాట

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట సరిగ్గా వినపడకపోతే పది సెకన్లలో వెళ్లిపోతారు. కెమెరా మీద ఉండే మైకు ఎంత మంచిదైనా ఆరడుగుల దూరంలో ఉంటుంది. చెన్నైలో ఫ్యాను ఆపి లైవ్ చెయ్యడం కుదరని పని. ఆ దూరంలో మైకుకి ముందు వినిపించేది ఫ్యానే. నోటికి జానెడు దూరంలో మైకు ఉండాల్సిందే.

వైరున్న కాలర్ మైకుతో మొదలుపెట్టండి. బోయా బీవై-ఎం1కి ఆరు మీటర్ల వైరు ఉంటుంది, కూర్చుని చేసే పనికి ఎక్కువే. దాని మీద చిన్న స్విచ్ ఉంటుంది, ఫోన్‌కి ఒకవైపు, కెమెరాకి ఇంకోవైపు. కెమెరాకి పెట్టినప్పుడు అందులోని చిన్న గుండీ బ్యాటరీ ఖర్చవుతుంది. స్విచ్ తప్పువైపు ఉండడం, బ్యాటరీ అయిపోవడం, ఈ రెండింటివల్లే "మైకు పాడైపోయింది" అని నాకు ఫోన్లు వస్తాయి. ఇంకోటి: 3.5 ఎంఎం పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడు గీతలుంటే అది ఫోన్ కోసం చేసిన టీఆర్ఆర్ఎస్, రెండుంటే కెమెరా కోసం చేసిన టీఆర్ఎస్. తప్పు పిన్ను పెడితే మాట రాకపోవచ్చు, వచ్చినా సన్నగా రావచ్చు. దీనికి చిన్న కన్వర్టర్ దొరుకుతుంది.

లేచి నడిచేవాళ్లకి, చీర భుజం మీద వేసి తిరిగి చూపించేవాళ్లకి వైర్‌లెస్ తప్పదు. రోడ్ వైర్‌లెస్ గో, డీజేఐ మైక్ మినీ, హాలీలాండ్ లార్క్ ఎం2 లాంటివన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. మీ వైఫై కూడా అక్కడే ఉంటే, మాటని అందుకునే రిసీవర్ రౌటర్ పక్కనే ఉంటే, మాట టక్కున తెగుతుంది. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, రిసీవర్‌ని దూరంగా పెట్టండి.

మైకు ఎక్కడ పెట్టాలన్నది మేం పిన్ని దగ్గర నేర్చుకున్నాం. మొదట పైట మధ్యలో పెట్టాం. ఆమె వంగినప్పుడల్లా నల్లపూసలు మైకుకి తగిలి "టక్ టక్" అని వినిపించేది. తీసి జాకెట్టు మెడ దగ్గర పెడితే పట్టుచీర గరగర మొదలైంది. చివరికి భుజం మీద పైట పిన్నుకి పక్కన, నోటివైపు తిప్పి, మైకు వైరుని కుచ్చు కిందనుంచి చిన్న ముడిలా తిప్పి టేపు వేశాం. వైరు లాగినా ఆ కుదుపు ముడి దగ్గరే ఆగిపోతుంది. గాజుల చప్పుడు మాత్రం ఉంది, దాన్ని అలాగే వదిలేశాం. చీరల లైవ్‌లో గాజుల చప్పుడు లేకపోతే అదో వెలితి.

మైకుని కెమెరాకి పెడితే కెమెరా లోపలి ఆడియో లెవెల్ బాగా తగ్గించి, మైకు రిసీవర్లో పెంచండి. చిన్న కెమెరాల్లో లెవెల్ పెంచితే సర్ర్ మనే చప్పుడు వస్తుంది.

4. వెలుతురు, రంగు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. చీరలు, నగలు, వంటలు, పెయింటింగులు, ఏది అమ్మినా "ఫోటోలో ఒక రంగు, వచ్చింది ఇంకో రంగు" అన్న ఫిర్యాదు ఇక్కడే పుడుతుంది. వాపసు వచ్చిన చీర కొరియర్ ఖర్చు మనదే.

మొదట దీపం. ఎల్‌ఈడీ కొనేటప్పుడు వాట్లతోపాటు, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె చూడండి. 95 పైన ఉండాలి. ఇంట్లో మామూలు ట్యూబులకి ఆ అంకె చాలా తక్కువ, వాటి కింద మెరూన్ ఇటుకరంగులా, వంకాయరంగు నల్లగా కనిపిస్తుంది. 60 వాట్ల ఎల్‌ఈడీ ఒకటి, దానికి వెలుగుని మెత్తబరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్ ఒకటి ఉంటే పదడుగుల గదికి చాలు. సాఫ్ట్‌బాక్స్‌కి డబ్బు చాలకపోతే చెక్క ఫ్రేముకి బటర్ పేపర్ అంటించి దీపం ముందు పెట్టండి, రెండోవైపు నీడ తగ్గించడానికి తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి. కోడంబాక్కం స్టూడియోల్లో మన సినిమాలు తీసినప్పటి నుంచి లైట్‌మన్లు వాడుతున్న పద్ధతి ఇది. వడపళని వైపు దీపాలు రోజు అద్దెకి కూడా దొరుకుతాయి. కొనేముందు ఒకరోజు అద్దెకి తెచ్చి మీ గదిలో పెట్టి చూడండి.

ఒక గదిలో ఒకే రకం వెలుతురు ఉండాలి. కిటికీలోంచి నీలపు పగటి వెలుగు, పైన పసుపు బల్బు, ముందు తెల్ల ఎల్‌ఈడీ కలిస్తే ఏ కెమెరా కూడా సరైన రంగు చూపించలేదు. తెర వేసెయ్యండి, లేదా బల్బు ఆపెయ్యండి.

దీపాన్ని కెమెరా పక్కనే నేరుగా పెడితే జరీ మొత్తం తెల్ల గీతలా మండిపోతుంది. 45 డిగ్రీలు పక్కకి, కళ్ల కంటే కొంచెం పైకి పెట్టండి. అప్పుడు జరీలో అల్లిక కనిపిస్తుంది, గరుకు పట్టు నీడతో సహా తెలుస్తుంది. కెమెరాలో జీబ్రా అనే సౌకర్యం ఉంటే ఆన్ చెయ్యండి. వెలుగు మించిపోయిన చోట చారలు చూపిస్తుంది, జరీ మీద చారలు కనబడితే దీపం తగ్గించాలి.

తర్వాత కెమెరా సెట్టింగులు. ఆటోలో వదిలేస్తే ఏమవుతుందో దగ్గరగా చూడండి. పిన్ని ఎర్ర కంచిపట్టు విప్పి కెమెరా ముందు పెట్టింది. ఫ్రేమంతా ఎరుపే. కెమెరా "ఎరుపు ఎక్కువైంది" అనుకుని దాన్ని తగ్గించడానికి పచ్చనీలం కలిపింది. చీర వెలిసినట్టు, పిన్ని ముఖం పాలిపోయినట్టు కనిపించాయి. చీర తీసేశాక రెండు క్షణాలకి మళ్లీ మామూలు రంగు. ఆ వెంటనే వెన్నరంగు చీర తీస్తే ఫ్రేమంతా వెలుగు ఎక్కువైందని ముఖం చీకటి చేసింది. రెండు లైవ్‌ల నిండా ఇదే వరస.

అందుకే రంగు, వెలుగు, షట్టర్ మూడూ తాళం వెయ్యండి, అంటే ఆటోలోంచి తీసి ఒకచోట నిలపండి. లైవ్ మొదలయ్యే ముందు చీర పెట్టే చోట తెల్లకాగితం పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి, ఏది తెలుపో కెమెరాకి చెప్పడం అన్నమాట. ఎక్స్‌పోజర్, అంటే వెలుగు మోతాదు, మాన్యువల్‌లో పెట్టండి. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు లోపలికి వచ్చే సమయం, 1/50 సెకను. ఈ 1/50 ఊరికే చెప్పడం లేదు: మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులూ చవక ఎల్‌ఈడీలూ సెకనుకి వందసార్లు మినుకుతాయి. 1/60లో తీస్తే తెర మీద చారలు పాకుతాయి. 1/50, లేదా 1/100 పెడితే పోతాయి. కెమెరా మెనూలో ఎన్‌టీఎస్‌సీ నుంచి మన 50 హెర్ట్జ్‌కి సరిపోయే పాల్‌కి మార్చి సెకనుకి 25 ఫ్రేములు పెట్టుకుంటే, ఓబీఎస్‌లోనూ 25 పెట్టుకుంటే, ఈ తలనొప్పి పూర్తిగా తీరుతుంది.

సన్నటి గళ్ల మంగళగిరి చీరలు కెమెరా ముందు పెడితే గళ్ల మీద నీళ్ల అలల్లా రంగులు కదులుతాయి. చూసేవాళ్లు చీరలోనే అలా ఉందనుకుంటారు. చీరని అడుగు దగ్గరకో వెనక్కో జరిపితే, కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే తగ్గుతుంది. అది కెమెరా లక్షణమని నోటితో కూడా చెప్పండి.

5. ఇప్పుడు కెమెరా

ముందు ఒక నిజం. మొదటి ఆరునెలలు మీ దగ్గరున్న ఫోన్ చాలు. పైన చెప్పిన మైకు, దీపం, నెట్ ఉంటే మామూలు ఫోన్ కూడా బాగా చూపిస్తుంది. రంగు తాళం వెయ్యడం, దగ్గరగా జూమ్ చెయ్యడం, గంటలకొద్దీ నడపడం, వీటిలో ఫోన్ మీ చెయ్యి కట్టేస్తోందని మీకే తెలిసిన రోజున కెమెరా కొనండి.

కొట్లో అడగాల్సినవి ఇవి. బ్యాటరీతో పనిలేకుండా గోడ కరెంటుతో నడుస్తుందా? హెచ్‌డీఎంఐలోంచి అక్షరాలూ గుర్తులూ లేని శుభ్రమైన బొమ్మ వస్తుందా? మైకు రంధ్రం ఉందా? తెర ముందుకి తిరుగుతుందా? వీటిలో ఒక్కటి లేకపోయినా లైవ్‌కి కొనకండి. మెగాపిక్సెళ్ల సంగతి ఇందులో ఎక్కడా రాదు.

ఆ తర్వాత లెన్సు వెడల్పు, దీనికి మీ గది కొలవండి. ఈ ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది, ఇక్కడ అంకెలన్నీ 36 ఎంఎం వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ లెక్కలో. 24 ఎంఎం లెన్సులో అడ్డంగా తీసేటప్పుడు, ఎంత దూరంలో నిలబడితే దానిలో సుమారు 0.84 వంతు ఎత్తు పడుతుంది. చీర కట్టుకున్న మనిషి తల నుంచి అంచు దాకా, కాస్త ఖాళీతో ఏడడుగులు కావాలంటే కెమెరా ఎనిమిదడుగుల పైన దూరం ఉండాలి. పదడుగుల గదిలో ట్రైపాడు, వెనక తెర, మనిషి ఇవన్నీ పట్టాక అంత దూరం ఉండదు. 18 ఎంఎం అయితే అదే ఏడడుగులు ఆరడుగుల చిల్లరలో పడుతుంది. నిలువు వీడియో అయితే 24 ఎంఎంతో కూడా అయిదడుగుల లోపే సరిపోతుంది. టేపుతో కొలిచి చూడండి, కెమెరా ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

సెన్సార్, అంటే లోపల బొమ్మని పట్టే చిప్పు గురించి ఒక్క మాట. "1 ఇంచ్ సెన్సార్" అంటే నిజంగా అంగుళం కాదు, 13.2 x 8.8 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అనే పెద్ద రకం 23.5 x 15.6. పెద్దదైతే తక్కువ వెలుతురులో మేలు, వెనక మసక ఎక్కువ. మంచి దీపం ఉన్న గదిలో 1 ఇంచ్ చాలు.

కూర్చుని, నిలబడి చేసే లైవ్‌కి నేను చెప్పేది సోనీ జడ్‌వీ-ఈ10. 2021లో వచ్చింది, ఏపీఎస్-సీ, లెన్సు మార్చుకోవచ్చు, వస్తువుని ముందుకి పెట్టగానే ఫోకస్ దానిమీదికి వెళ్లే ప్రొడక్ట్ షోకేస్ ఉంది. ఇది చీరలకి వరం. నేరుగా యూఎస్‌బీతో లైవ్ పెడితే మాత్రం 720పీ దాకానే వస్తుంది, 1080పీ కావాలంటే హెచ్‌డీఎంఐ, ఆ బొమ్మని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డు కావాలి. 2024లో వచ్చిన జడ్‌వీ-ఈ10 మార్క్ 2లో ఈ లోటు తీరింది, యూఎస్‌బీలోంచే 4కే దాకా వస్తుంది, బ్యాటరీ కూడా పెద్దది. డబ్బు ఉంటే అది తీసుకోండి, కార్డు ఖర్చు మిగులుతుంది.

జేబులో పట్టేది కావాలంటే సోనీ జడ్‌వీ-1 (2020), 24 నుంచి 70 ఎంఎం, తక్కువ వెలుతురుకి పనికొచ్చే ఎఫ్1.8 దగ్గర మొదలవుతుంది, లోపలే వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంది, ఎండలో ఉపయోగపడుతుంది. కానీ బ్యాటరీ చాలా చిన్నది, పైగా బ్యాటరీ తలుపు కిందే, ట్రైపాడ్ మరకి పక్కనే. ప్రతిసారీ ప్లేటు విప్పాలి. జడ్‌వీ-1 మార్క్ 2 (2023) 18 ఎంఎం దగ్గర మొదలవుతుంది, యూఎస్‌బీ-సీ ఉంది, ఇరుకు గదికి ఇదే మేలు. జడ్‌వీ-1ఎఫ్ 20 ఎంఎం ఒక్కటే లెన్సు, ఫోకస్ పద్ధతి పాతది, వస్తువులు అమ్మేవాళ్లకి వద్దంటాను.

క్యానన్ జీ7 ఎక్స్ మార్క్ 3 మీద ఇప్పుడు మోజు బాగా పెరిగింది. మంచి కెమెరానే. పాతవి అమ్మేవాళ్లు కొందరు మార్క్ 2ని చూపించి "రెండూ ఒకటే" అంటారు. ఒకటి కాదు. మార్క్ 2కి మైకు రంధ్రం లేదు. 2025లో వచ్చిన క్యానన్ పవర్‌షాట్ వీ1లో లోపలే చిన్న కూలింగ్ ఫ్యాన్ ఉంది, 16 నుంచి 50 ఎంఎం. వేడి గురించే భయపడేవాళ్లు దీన్ని చేతిలోకి తీసుకుని చూడాల్సిందే.

నడుస్తూ తీసేవాళ్లకి వేరే లెక్క. జడ్‌వీ-ఈ10లో సెన్సార్ కదిలే స్థిరత్వం లేదు, సాఫ్ట్‌వేర్‌తో నిలకడ తెస్తే ఫ్రేము ఇరుకవుతుంది, చేతిదూరంలో ముఖమే నిండిపోతుంది. ఈ పనికి డీజేఐ ఓస్మో పాకెట్ 3 లాంటి, చెయ్యి కుదిపినా కెమెరాని నిలకడగా పట్టే గింబల్ ఉన్నదే సరైనది. 1 ఇంచ్ సెన్సార్, చిన్న తెర తిప్పితే నిలువు అడ్డం మారుతుంది, యూఎస్‌బీతో వెబ్‌క్యామ్‌గానూ పనిచేస్తుంది. కొనేముందు మన దేశంలో వారంటీ బిల్లు ఇస్తారా, రిపేరు ఎక్కడ చేస్తారు అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

పిన్ని కెమెరా వేడి సంగతి ఎలా తీరిందో చెప్పాలి. లైవ్‌లో కార్డులోకి రికార్డింగు ఆపేశాం. 4కే నుంచి 1080పీకి దించాం. అసలు బ్యాటరీ తీసి డమ్మీ బ్యాటరీ పెట్టాం, అంటే బ్యాటరీ ఆకారంలో ఉండి గోడ కరెంటుని కెమెరాకి ఇచ్చేది. తెరని వెనక ఒంటికి అంటుకోకుండా పక్కకి తెరిచి ఉంచాం. మెనూలో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్‌ని 'హై'కి మార్చాం. కత్తిరి ఎండలూ, ఆపైన మన రోహిణి కార్తే వచ్చిపోయాయి, ఒక్కసారి కూడా ఆగలేదు.

6. కెమెరా నుంచి ల్యాప్‌టాప్‌కి

చిన్న కెమెరాల్లో ఉండేది మైక్రో హెచ్‌డీఎంఐ. ఆ రంధ్రం చాలా సున్నితం, బరువైన కేబుల్ వేలాడితే వదులవుతుంది. పొట్టి కేబుల్ వాడండి, దాన్ని ట్రైపాడుకి టేపుతో కట్టి పెట్టండి.

క్యాప్చర్ కార్డుల్లో బాగా చవకవి యూఎస్‌బీ 2.0 మీద నడుస్తాయి. దాని గరిష్ఠ వేగం 480 ఎంబీపీఎస్. 1080పీ 30 ఫ్రేముల బొమ్మని నొక్కకుండా పంపాలంటే దాదాపు 1,000 ఎంబీపీఎస్ కావాలి. అందుకని ఈ కార్డులు బొమ్మని ఎంజేపెగ్‌లోకి కుదించి పంపుతాయి, జరీ లాంటి సన్నటి వివరం కాస్త పోతుంది. పాఠాలు చెప్పేవాళ్లకి ఇది చాలు. బట్టలు, నగలు చూపించేవాళ్లు యూఎస్‌బీ 3.0 కార్డే తీసుకోండి, ఎల్గాటో క్యామ్ లింక్ 4కే లాంటిది. రెండు మూడు కెమెరాలుంటే బ్లాక్‌మ్యాజిక్ ఏటెమ్ మినీ, నాలుగు హెచ్‌డీఎంఐలు పడతాయి. అందులో ప్రో రకం ల్యాప్‌టాప్ లేకుండానే లాన్ కేబుల్‌తో నేరుగా లైవ్ పంపుతుంది.

ఇక పెదవులకీ మాటకీ పొంతన. మైకు కెమెరాకే పెడితే బొమ్మ, మాట ఒకే కేబుల్లో వస్తాయి కాబట్టి తేడా ఉండదు. మైకు నేరుగా ల్యాప్‌టాప్‌కి పెడితే మాట ముందు వచ్చేస్తుంది, బొమ్మ క్యాప్చర్ కార్డు దాటి ఆలస్యంగా వస్తుంది. ఓబీఎస్‌లో రికార్డింగు పెట్టి కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి. ఆ వీడియోని ఫ్రేము ఫ్రేముగా చూసి, చప్పుడు వచ్చిన ఎన్ని ఫ్రేములకి చేతులు కలిశాయో లెక్కపెట్టండి. 25 ఫ్రేముల్లో ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. నాలుగు ఫ్రేములు తేడా ఉంటే ఓబీఎస్ ఆడియో సెట్టింగుల్లో సింక్ ఆఫ్‌సెట్ 160 పెట్టండి. మళ్లీ చప్పట్లు కొట్టి సరిచూడండి.

ఓబీఎస్ ఉచితం. వీడియోని కుదించే ఎన్‌కోడర్‌లో ఎన్వెంక్, లేదా క్విక్ సింక్ కనిపిస్తే అదే పెట్టండి, ల్యాప్‌టాప్ మీద భారం తగ్గుతుంది. కీఫ్రేమ్ సెట్టింగు 2 సెకన్లు పెట్టండి. అమ్మకాల లైవ్ అయితే యూట్యూబ్‌లో ఆలస్యం తగ్గించే 'లో లేటెన్సీ' ఎంచుకోండి. లేకపోతే మీరు మూడో చీర చూపిస్తుంటే మొదటి చీరకి "బుక్" అని కామెంట్ వస్తుంది, ఎవరికి ఏది అన్న గొడవ మొదలవుతుంది.

7. కొనడం

కేబుళ్లు, కన్వర్టర్లు, డమ్మీ బ్యాటరీలు, రౌటర్ యూపీఎస్ లాంటివాటికి రిచీ స్ట్రీట్ వెళ్లండి. మౌంట్ రోడ్డు పక్కనే, మెట్రోలో దిగి నడిచేయొచ్చు. మీ కెమెరా వెంట తీసుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. కెమెరా మాత్రం కంపెనీ వారంటీతో, జీఎస్టీ బిల్లుతో కొనండి. వ్యాపారానికి జీఎస్టీ నంబరు ఉంటే బిల్లులో వేయించుకోండి.

మెమరీ కార్డు విషయంలో నేను దెబ్బతిన్నాను. ఒక కొట్లో 128 జీబీ కార్డు చవగ్గా దొరికిందని తీసుకున్నా. పెళ్లి వీడియో సగం అయ్యాక తెరిచి చూస్తే చివరి ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోలేదు. లోపల అంత జాగానే లేదు. అప్పటి నుంచి ప్రతి కొత్త కార్డునీ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నిండా రాసి చూశాకే వాడుతున్నా. కార్డు మీద వీ30 గుర్తు ఉంటే చాలు. 4కే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లే, వీ30 సెకనుకి 30 రాస్తుంది. 64 జీబీలో అలా 85 నిమిషాలు పడుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే చిన్న టార్చి తీసుకెళ్లండి. లెన్సులోకి ఏటవాలుగా వెలుగు వేసి సాలెగూడు లాంటి దారాలున్నాయేమో చూడండి. అది ఫంగస్, ఉంటే వెనక్కి ఇచ్చెయ్యండి. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి మెల్లగా కదపండి, బొమ్మ మినుకితే రంధ్రం వదులైందన్నమాట. తెర మడత పదిసార్లు తిప్పండి. ఇరవై నిమిషాలు వీడియో ఆన్ చేసి అక్కడే టీ తాగండి.

డబ్బు ఎలా పంచాలంటే, వంద రూపాయల్లో కెమెరాకి నలభై, దీపాలకి పాతిక, మాటకి ఇరవై, మిగతాది ట్రైపాడు, కేబుళ్లు, యూపీఎస్. కెమెరాకే ఎనభై పెట్టినవాళ్ల ఇళ్లకి నేను మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

8. సముద్రం పక్క ఊరు

ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని బయటికి వస్తే నిమిషంలో లెన్సు మీద మంచు పడుతుంది. తుడవకండి. ఈసారి నుంచి ఏసీ గదిలో ఉండగానే జిప్ కవర్‌లో పెట్టి మూసి, బయటికి తెచ్చాక ఆ వేడికి అలవాటు పడేదాకా పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచి తర్వాత తీయండి. ఇంట్లో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టుకోండి. అంకె 40, 50 మధ్య ఉండాలి. తోలు సంచిలో వానాకాలమంతా ఉంచితే ఫంగస్ ఖాయం. బీచ్ నుంచి వచ్చాక కొంచెం తడిపి పిండిన మెత్తటి గుడ్డతో ఒంటిని తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి, ఉప్పు పోతుంది.

మెరీనాలో, బెసంట్ నగర్లో తీసేటప్పుడు సూర్యుడు ఎటున్నాడో చూసుకోండి. మన సముద్రం తూర్పున. పొద్దున సముద్రం మీ వెనక ఉండాలనుకుంటే ముఖం చీకటవుతుంది. సముద్రం వెనక కావాలంటే సాయంత్రం వెళ్లండి, వెలుతురు ఊరివైపు నుంచి ముఖం మీద పడుతుంది. అయితే అప్పటికి సముద్రపు గాలి బాగా లేస్తుంది, మైకుకి బొచ్చుతొడుగు లేకపోతే ఒక్క మాట కూడా నిలవదు.

9. రిహార్సల్

అసలు లైవ్‌కి రెండు రోజుల ముందు, అదే వేళకి, అదే గదిలో, ఫ్యాను, ఏసీ ఏవి వేసుకుంటారో అవే వేసుకుని, లింకు ఉన్నవాళ్లకే కనిపించే 'అన్‌లిస్టెడ్'లో రెండు గంటలు పూర్తిగా నడపండి. పక్కింట్లోనో మేడ కిందో ఎవరినైనా మొబైల్ డేటా మీద చూడమనండి, మీ వైఫై మీద కాదు. అరగంటకోసారి కెమెరా ఒంటిని చేత్తో తాకండి. ఓబీఎస్ అడుగున డ్రాప్డ్ ఫ్రేమ్స్, అంటే దారిలో పోయిన ఫ్రేముల అంకె ఎప్పుడు పెరిగిందో రాసుకోండి. ఒకసారి కావాలనే మెయిన్ స్విచ్ ఆపండి, రౌటర్ బతికి ఉందా, డమ్మీ బ్యాటరీ అడాప్టర్ దేనిమీద ఉంది, దీపం పోయాక ముఖం కనబడుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. పిన్ని ఇంట్లో ఈ పరీక్షలోనే కెమెరా అడాప్టర్ గోడకే ఉందని బయటపడింది. ఇప్పుడు అదీ ఇన్వర్టర్ లైన్ మీదే ఉంది, ప్లగ్గు మీద ఎర్ర టేపు చుట్టి "తియ్యొద్దు" అని పిన్నే రాసింది.